సీలు వేసిన నడుం

ఆ వీధిలో ఆయన్ని అందరూ మిల్లీమీటరు అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? పంపుల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారిగా చేసి రిటైరైన మనిషి. తయారైన ప్రతి పంపునూ కొలిచి, సరిగ్గా ఉంటే బిగింపు దగ్గర తీగ చుట్టి, దాని మీద సీసం సీలు నొక్కడం ఆయన ఉద్యోగం. ఫ్యాక్టరీ వాళ్లు చేతిలో ఒక గోడ గడియారం పెట్టి సాగనంపారు గానీ, ఆ ఉద్యోగం మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదు. ఇంట్లో పంపులు లేవు కాబట్టి పెళ్లాన్నీ కూతుర్నీ తనిఖీ చేసుకుంటూ కాలక్షేపం చేసేవాడు. తువ్వాళ్ల మడతలూ, కర్టెన్ల అంచులూ, గుమ్మం దగ్గర చెప్పుల వరసా అన్నీ ఆయన టేపుకి లోబడి బతికేవి.

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినబడితే చాలు, ఇంట్లో కొన్ని పనులు వాటంతటవే జరిగిపోయేవి. అమ్మ చేతిలో గరిటె చప్పుడు మానేది. కూతురు పాడుకుంటున్న పాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేవాళ్లు. ఇది ఎవరో నేర్పితే వచ్చింది కాదు, ఆలోచించి చేసేదీ కాదు. ఏళ్ల తరబడి అలవాటై, అలా చేస్తున్నామన్న సంగతే వాళ్లకి తెలియకుండా పోయింది.

కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనాల ముక్కుల మీద ఫ్రేములు సర్ది, సాయంత్రం నాటకాల ట్రూపుకి పరిగెడుతుంది. ఇన్నాళ్లూ చెలికత్తెగానో, గుంపులో గొంతుగానో గడిపేసిన పిల్లకి ఈసారి ఏకంగా రాణి వేషం తగిలింది. రాజు కోటలో బంధించిన రాణి. ఆఖరి రంగంలో ఆ రాణి పాడే పాట మీదే నాటకమంతా నిలబడుతుంది. ఆ పాటలో చివరి పంక్తిని ఒక్క ఊపిరిలో, దీపాలన్నీ మెల్లగా ఆరిపోయేదాకా లాగాలి.

"ఆ పంక్తి తెగకుండా పాడావంటే నిన్ను ట్రూపుతో పాటు ఊరూరా తిప్పుతానమ్మాయ్," అన్నాడు దర్శకుడు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు తియ్యడు కాబట్టి ఆయన్ని అందరూ మఫ్లరు మాష్టారు అంటారు. "మధ్యలో తెగిందా, వెళ్లి నీ కళ్లజోళ్లు నువ్వు తుడుచుకో."

ఊరూరా తిప్పడం అంటే మాష్టారికి లారీ మాట్లాడుకోవడం, సామాన్లు ఎక్కించడం. ఆ అమ్మాయికి మాత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడని గదులు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది.

వేషానికి కార్సెట్, అంటే నడుం బిగించే తొడుగు, కావాలి. రాణిగారి నడుం పిడికెడు ఉన్నట్టు కనబడాలని మాష్టారి పట్టుదల. ట్రూపు దగ్గరున్న పాత కార్సెట్ ఒకటి గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాడు. ఇంట్లో మిల్లీమీటరు దాన్ని చచ్చిన ఎలకని ఎత్తినట్టు రెండు వేళ్లతో పైకెత్తి చూశాడు.

"ఎంతమంది రాణుల చెమట తాగిందో ఇది. కుట్లు చూడు, ఒక్కటైనా తిన్నగా ఉందా? దీన్ని కట్టుకుని నువ్వు స్టేజీ ఎక్కితే నా పరువేం కాను?"

"ట్రూపులో అందరూ అవే వేసుకుంటారు నాన్నా," అంది కూతురు నీళ్లు నములుతూ.

"అందరూ వేసుకోనీ. నా కూతురు వేసుకునేది నేను చేస్తాను. నేను చేసింది సరిగ్గా కుదిరిందనుకో, అప్పుడు ఆ ఊర్లు తిరిగే సంగతి ఆలోచిద్దాం. కుదరకపోతే అసలు ఆ మాటే ఎత్తొద్దు."

ఆయన సూదిలోకి దారం ఎక్కించగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అయినా రెండు వీడియోలు చూసి, మూడోది సగంలో ఆపేసి, "దీనికేముంది, మెత్తటి పైపు" అని తేల్చేశాడు.

మర్నాడు కొలతలు. హాలు మధ్యలో కూతుర్ని నిలబెట్టి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, టేపు తీసుకుని దగ్గరకొచ్చాడు. టేపు నడుం చుట్టూ పడింది. ఆమె ఎప్పటిలాగే నిలబడింది: భుజాలు బిగించి, పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి ఆపేసి. ఆయన మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ ఒకే అంకె వచ్చేసరికి ఆయన మొహం విచ్చుకుంది. ఫ్యాక్టరీలో పంపు కూడా ఇంత నిలకడగా నిలబడలేదన్నాడు. ఆయన ఆ మాత్రం మెచ్చుకోవడం అదే మొదటిసారి కాబట్టి కూతురికి లోపల్లోపల సంతోషమే వేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు మాత్రం సంతోషమే.

వంటింటి గుమ్మంలో నిలబడిన అమ్మ మాత్రం ఉండబట్టలేక అంది, "ఏమండీ, పాడాల్సిన పిల్ల. ఊపిరికి కాస్త చోటు ఉంచండి."

"ఊపిరికి కొలతుందా?" అన్నాడాయన తల ఎత్తకుండా. "కొలత లేనిదాన్ని లెక్కలోకి ఎలా తీసుకోమంటావు?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి భోజనాల బల్ల వర్క్‌షాపు అయింది. అన్నం కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. ముతక కాన్వాసు గుడ్డని ఆయన గీతలు గీసి ముక్కలు కోసేవాడు, అమ్మ మిషను తొక్కేది, పక్కన ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని కుట్టు కుట్టుకీ తీర్పు చెప్పేవాడు. కుట్టు తిన్నగా పడితే అది తన గీత గొప్పదనం. వంకర పోతే అది అమ్మ కాలి లోపం. ముక్కల మధ్య నిలువునా సందులు వదిలి, వాటిలో సామాన్ల పెట్టెలకి చుట్టే ఇనుప బద్దలు దూర్చాడు. బద్దల కొసలు గుచ్చుకోకుండా ఆకురాయితో అరగదీశాడు. ఆ కీచు చప్పుడుకి పక్కింటి పిల్లవాడు చెవులు మూసుకుని ఏడిచాడు.

కార్సెట్‌కి మామూలుగా ముందు కొక్కేలుంటాయి, వెనక తాడుంటుంది. కొక్కేలు తీస్తే చాలు, ఎవరికి వాళ్లు విప్పుకోవచ్చు. మిల్లీమీటరుకి ఆ ఏర్పాటు నచ్చలేదు.

"రెండు వైపులా తెరుచుకుంటే రెండు వైపులా తనిఖీ చెయ్యాలి. వెనక ఒక్కటి చాలు."

ఇక తాడు సంగతి. వెనక రెండు అంచులకీ వరసగా కన్నాలు పొడిచి, వాటికి ఇత్తడి రింగులు బిగించి, బూట్ల లేసులా తాడు అటూ ఇటూ దూర్చి లాగాలి. మొదటిసారి ఆయన గుడ్డని గుండ్రంగా కత్తిరించి కన్నాలు చేశాడు. రింగులు పెట్టి తాడు లాగగానే తెగిన పోగులు జారి, రింగులన్నీ ఊడి బల్ల మీద టపటపా రాలాయి. ఆయన వాటినీ, గుడ్డనీ, ఆఖరికి అమ్మనీ మార్చి మార్చి చూసి, తప్పు గుడ్డ తయారుచేసిన మిల్లుదని తీర్పిచ్చాడు. రెండోసారి కత్తిరించకుండా మొనదేరిన ఊచతో పోగులు పక్కకి జరిపి కన్నం చేసి, పైన రింగు, కింద వాషరు పెట్టి సుత్తితో కొట్టాడు. అవి పంపులకి వేసే రింగులు. ఏనుగు లాగినా ఊడవు. ఒక్కో దెబ్బకీ గోడ మీది ఫ్యాక్టరీ గడియారం ఉలిక్కిపడింది. కింద వాటాలో ఆయన పైకొచ్చి, ఇల్లు కూలగొడుతున్నారా అని మర్యాదగానే అడిగాడు.

"మా అమ్మాయి నడుం చేస్తున్నాను," అన్నాడు మిల్లీమీటరు.

కింద వాటాలో ఆయన ఇంకేమీ అడక్కుండా దిగిపోయాడు.

తయారైన దాన్ని మొదట నీళ్ల డబ్బాకి తొడిగి బిగించాడు. డబ్బా ఒక్కసారి కూడా ఇబ్బందిగా ఉందనలేదు. అప్పుడు కూతుర్ని పిలిచాడు. ఆమె వచ్చి నిలబడింది. అమ్మ తాడు లాగింది, ఆయన దూరంగా నిలబడి ఇంకాస్త, ఇంకాస్త అన్నాడు. ముగ్గురూ చూస్తుండగా వెనక రెండు అంచుల మధ్య సందు పైనుంచి కిందికి ఒక్కలాగే వచ్చింది. ముడత లేదు, వంకర లేదు. అతికినట్టు కుదిరింది.

"చూశావా?" అన్నాడాయన. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు. బహుశా ఫ్యాక్టరీతో.

తర్వాత ఆయన సిగరెట్ల కోసం కిందికి దిగాడు. చెప్పుల చప్పుడు దూరమయ్యేసరికి కూతురు మామూలుగా గాలి పీల్చబోయింది. సగంలోనే బద్దలు పక్కటెముకల్ని పట్టేసుకున్నాయి. ఆమె కళ్లు తేలేసి బల్ల పట్టుకుంది.

"అమ్మా... ఇది... బిగిసిపోతోంది."

"ఇందాక బానే ఉందిగా?"

"ఇందాక... బానే ఉంది."

ఆయన తిరిగి రాగానే ధైర్యం తెచ్చుకుని ఎదురుగా వెళ్లి చెప్పింది, బిగుతుగా ఉంది నాన్నా, ఊపిరాడటం లేదు అని. ఆయన కార్సెట్ అంచు కింద చూపుడువేలు దూర్చి చూశాడు. వేలు హాయిగా దూరింది. రెండో వేలు కూడా దూరింది. దూరక చస్తుందా? ఆయన ఎదురుగా ఉన్నాడాయె.

"ఎక్కడ బిగుతు? రెండు వేళ్ల సందుంది! పని చేసినవాణ్ణి తప్పుపట్టడం తప్ప మీకు ఇంకేం చేతకాదా?"

ఆమె కూడా నిజమే కాబోలు అనుకుంది. ఆయన గదిలో ఉన్నంతసేపూ కార్సెట్ చక్కగా ఉంటోంది, గుమ్మం దాటగానే బిగుసుకుంటోంది. వారమంతా అదే తంతు. తనకే ఏదో జబ్బు చేసిందని ఆ పిల్ల బెంగపెట్టుకుంది. ఆయన మీద అనుమానం రాలేదు. ఆ ఇంట్లో ఆయన మీద అనుమానపడటం ఎవరికీ అలవాటు లేదు.

నాటకం రోజు సాయంత్రం ఆయన తన పాత తోలుసంచి తీశాడు. కార్సెట్ బిగించి, తాడు చివర ముడివేసి, ముడి చుట్టూ సన్నటి ఇనుప తీగ తిప్పాడు. తీగ కొసల్ని సీసం బిళ్లలో దూర్చి, పట్టుకారుతో కటుక్కున నొక్కాడు. రిటైరైనప్పుడు ఫ్యాక్టరీకి తిరిగివ్వాల్సిన పట్టుకారు అది. ఎందుకివ్వలేదని ఫ్యాక్టరీ అడగలేదు, ఈయన చెప్పలేదు.

"సీలెందుకండీ?" అంది అమ్మ, ఈసారి గట్టిగానే.

"అక్కడ ఎవత్తో వచ్చి, వదులు చేసుకోవే అంటుంది. వదులు చేస్తే నా పనితనం ఏం కనబడుతుంది? నాటకం అయ్యాక ఇంటికొచ్చి నేనే తీస్తాను."

బస్సులో ఆమె కూర్చోలేకపోయింది. కమ్మీ పట్టుకుని నిలబడి, పిట్ట నీళ్లు తాగినట్టు చిన్న చిన్న గుక్కల్లో గాలి తాగుతూ వెళ్లింది. పైన వేసుకున్న వదులు చొక్కా కిందనుంచి బద్దలు పొడుచుకొస్తుంటే పక్కనున్న ముసలావిడ ఆమెని, ఆ బద్దల్ని చూసి, పాపం ఒళ్లు విరిగిందా అమ్మా అని అడిగింది. జవాబు చెప్పడానికి కావలసినంత గాలి ఆమె దగ్గర లేదు.

మొదటి రంగం ఎలాగో గడిచింది. రాణికి మాటలు తక్కువ, కోపపు చూపులు ఎక్కువ. రెండో రంగంలో నాలుగు మాటల వాక్యం నాలుగు వాక్యాలైంది. తెర పక్కన మఫ్లరు మాష్టారు తల పట్టుకున్నాడు. ఆఖరి రంగానికి ముందు తెర దించగానే ఒంటికాలి మీద లేచాడు.

"ఏమైందే నీకు? రిహార్సల్లో గోడలు అదిరేలా పాడావు! ఇప్పుడేంటి ఆ చీమ గొంతు? ఇట్లాగే పాడతానంటే రేపటి లారీలో నీకు చోటు లేదు, ముందే చెప్తున్నా."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికీ చోటు లేదు, ఆ ముచ్చట కూడా తీరలేదు.

చెలికత్తె వేషం వేసే అమ్మాయిది బొంగురు గొంతు. అందుకే ఆమెకి పాటలివ్వరు, అందరూ బొంగురూ అనే పిలుస్తారు. ఆమె వెనక్కి వచ్చి సీలు చూసి నోరెళ్లబెట్టింది. "ఇదేంటే, కరెంటు మీటరా నువ్వు?"

"నాన్న... వేశారు. తియ్యకూడదు."

"తియ్యకపోతే పాడగలవా?"

అంతలో గంట మోగింది, తెర లేచింది.

ఎదురుగా మొదటి వరసలో నాన్న. పక్కన అమ్మ. ఆయన పెదాల మీద సన్నటి నవ్వుంది. కళ్లు రాణి మొహం మీద లేవు, సరిగ్గా నడుం మీద ఉన్నాయి. ఆ చూపు తగలగానే ఆమె భుజాలు బిగుసుకున్నాయి, పొట్ట లోపలికి పోయింది, ఊపిరి ఆగింది. కార్సెట్ ఒక్కసారిగా హాయిగా అయిపోయింది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఇందాకటి రంగాల్లో చూపులు పక్కకి తిప్పినప్పుడల్లా కార్సెట్ నొక్కేసింది. ఆయన్ని చూడగానే వదిలింది. జబ్బు కాదు, గుడ్డ తప్పు కాదు, బద్దల తప్పు కాదు. ఆయన కొలిచింది ఆయన ఎదురుగా నిలబడ్డ మనిషిని. ఆ మనిషి ఊపిరి పీల్చదు. ఈ భూమ్మీద ఆ కొలతకి సరిపోయే మనిషి ఆయన లేని చోట ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది ఆమెకి. తండ్రి మీద అంత కోపం ఉందని ఆ నిమిషందాకా ఆమెకే తెలియదు.

వాయిద్యాలు పాట ఎత్తుకున్నాయి. రాణి పాడలేదు. వెనక్కి తిరిగింది. ఇత్తడి రింగులు, తాడు, సీసం సీలు దీపాల వెలుగులో జనమందరికీ కనబడ్డాయి.

"చెలీ," అంది, ఉన్న కాస్త గాలీ ఆ మాటకి ఖర్చుపెట్టి. "తెంచు."

నాటకంలో ఆ మాట లేదు. బొంగురు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత తెర పక్కకి వెళ్లి, సెట్టు బిగించే వడ్రంగి నడుం పట్టీలోంచి కటింగు ప్లయరు లాక్కుని వచ్చింది. తీగ పటుక్కుమంది. సీసం బిళ్ల చెక్కల మీద దొర్లుకుంటూ వెళ్లి దీపాల దగ్గర ఆగింది. తాడు ఒక్కో రింగులోంచి సర్రున జారింది. రెండంచులూ విడిపోయాయి. జనం చప్పట్లు మొదలుపెట్టారు. కోటలో బంధించిన రాణికి ఇంతకన్నా మంచి రంగం ఏ దర్శకుడు రాస్తాడు? మఫ్లరు మాష్టారు అప్పటికే పక్కవాడితో అది తన ఊహే అని చెబుతున్నాడు.

కార్సెట్ వదులైంది గానీ సగం పనే అయింది. ఆమె ముందుకి తిరిగింది. మొదటి వరసలో మిల్లీమీటరు సగం లేచి నిలబడి ఉన్నాడు, గుడ్లురుముతూ. ఆ చూపు చూస్తే చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటున్న ఆట కూడా ఆపేసి లోపలికి వచ్చేసేది. ఇప్పుడూ పొట్ట దానంతటదే లోపలికి పోయింది. తెంచడానికి ప్లయరు లేని తాడు ఇంకా ఒకటి మిగిలే ఉంది.

ఆమె ఆయన కళ్లలోకి చూస్తూ నిండా గాలి పీల్చింది. పొట్ట ముందుకొచ్చింది, పక్కటెముకలు విచ్చుకున్నాయి, రాణిగారి నడుం పిడికెడు కాదని ఊరందరికీ తెలిసిపోయింది. పాడింది. ఆఖరి పంక్తి దీపాలు ఆరిపోయాక కూడా చీకట్లో ఇంకాసేపు నిలబడింది.

బయటికొచ్చాక జనం మిల్లీమీటరు చుట్టూ మూగారు. ఆ తాడు తెంచే ఏర్పాటు ఎవరిదండీ, భలే ఉంది అన్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాదే. అవసరమైనప్పుడు తెగేలా చెయ్యడంలోనే ఉంటుందండీ పనితనం." అంతమంది ముందు ఆ మాట అనేసరికి, ఇంటికి వెళ్లాక తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఆయనకి పనికిరాకుండా పోయాయి.

మర్నాడు పొద్దున్న గుమ్మం దగ్గర ఆమె పెట్టె సర్ది ఉంది. వీధిలో లారీ హారను వినబడటానికి ఇంకా కాస్త టైముంది. ఆయన కార్సెట్‌ని బల్ల మీద పరిచి, భూతద్దంతో రింగుల్ని చూస్తున్నాడు.

"రా ఇలా. ఇంకోసారి కొలిచి, వేరే తాడు వేసి ఇస్తాను. ఊర్లమ్మట నా పేరు చెడగొట్టకు."

ఆమె వచ్చి నిలబడింది. టేపు నడుం చుట్టూ పడింది. ఆమె మామూలుగా ఊపిరి పీల్చుకుంటూ కిటికీలోంచి వీధిని చూస్తోంది. ఆయన అంకె చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. టేపు సాగిందేమోనని స్టీలు స్కేలు తెచ్చి పక్కన పెట్టి సరిచూశాడు. టేపుకేం రోగం? నిక్షేపంలా ఉంది. మళ్లీ కొలిచాడు.

"నడుం పెరిగింది," అన్నాడు నెమ్మదిగా.

"పెరగలేదు నాన్నా. అప్పుడు నేను ఊపిరి బిగబట్టాను."

"ఎందుకు? నేను బిగబట్టమన్నానా?"

"మీరు దగ్గరకొచ్చారు కదా."

ఆయన చేతిలో టేపు కిందికి జారి కాళ్ల దగ్గర చుట్టుకుంది. ఆ ఇంట్లో ఉన్న అంకెలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొస్తున్నట్టు హాలంతా కలయజూశాడు. మడతలు, అంచులు, చెప్పులు. వీధిలో లారీ హారను మోగింది. కూతురు పెట్టె అందుకుని, వెళ్లొస్తాను నాన్నా అని మెట్లు దిగింది. సగం మెట్లు దిగకముందే పాట ఎత్తుకుంది. ఆయన పైన ఉన్నాడని తెలిసీ ఆపలేదు.

ఆ పాట వీధి మలుపు తిరిగేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. తర్వాత వంటింటి గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ ఆయన భార్య నిలబడి ఉంది, చేతిలో గరిటెతో.

"నువ్వు కూడానా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పలేదు. ఊపిరి బిగబట్టిన మనిషి ఎలా చెబుతుంది?